భువనేశ్వరి పేరు మీద చదివిన కాగితం

భువనేశ్వరి సిస్టరు చెయ్యి పడితే చాలు, పడక పుండు దరిదాపులకు రాదని ఆ ఆస్పత్రిలో చిన్నా పెద్దా అందరూ అనేవాళ్ళు. అనడమేంటి, ఆమే అనిపించుకునేది. ముప్పై ఏళ్ళ సర్వీసు మరి! పురసవాక్కంలో ఒక మోస్తరు ప్రైవేటు ఆస్పత్రి. రెండో అంతస్తులో ఒక పక్క ఆడవాళ్ళూ ఒక పక్క మగవాళ్ళూ, మొత్తం ఇరవై మంచాలు. ఆ వార్డుకి ఆమె ఇన్‌ఛార్జి. మంచం దిగలేని రోగి ఎవరొచ్చినా సరే, స్పిరిటు సీసా, పౌడరు డబ్బా పట్టుకుని బయల్దేరేది. రోగిని పక్కకు తిప్పి, నడుం కింద ఎముక మీద చర్మం ఎర్రబడినచోట స్పిరిటు రాసి, అరచేత్తో గుండ్రంగా, గట్టిగా, పది నిమిషాలు రుద్దేది. "రక్తం ఆడాలమ్మా. రక్తం ఆడితేనే చర్మం బతికేది" అనేది. నర్సింగు స్కూల్లో ఆమెకు అట్లా నేర్పారు. ఆమె చేతికింద పనిచేసిన పిల్లలందరికీ ఆమే అట్లా నేర్పింది.

అట్లాంటి మనిషికి, సోమవారం పొద్దున, ఇరవై నాలుగేళ్ళ కొత్త నర్సు జెబ ఎదురుచెప్పింది.

ఏడో మంచం మీద సుబ్బన్ తాత. తిరువొత్తియూరు బెస్తవాళ్ళ పేటనుంచి వచ్చాడు, జారిపడి తుంటి విరిగింది. పది రోజులుగా వెల్లకిలా పడుకుని పడుకుని నడుం కింద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ తేలింది. "రోజుకి మూడుసార్లు రుద్దవే" అని భువనేశ్వరి జెబకి పురమాయించింది. జెబది తిరునెల్వేలి పక్క, మాట్లాడేది తమిళమే. చింతాద్రిపేటలో తాతల కాలంనుంచీ ఉన్న భువనేశ్వరికి తెలుగెంతో తమిళమూ అంతే. ఆ పిల్ల తలొంచుకుని, "నేను రుద్దను సిస్టర్" అంది.

"ఏందే?"

"రుద్దను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతా, దిండ్లు పెడతా. రుద్దడం మాత్రం నా వల్ల కాదు."

తాత కూతురి ముందర అంది. ఇద్దరు ఆయాల ముందర అంది. భువనేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, ఇంకా ప్రొబేషను కూడా పూర్తికాలేదు, నాకు పని నేర్పుతుందా! అక్కడికక్కడే కాగితం తీసుకుని కంప్లెయింటు రాసేసింది. సీనియర్ మాట వినలేదు, రోగికి సేవ చెయ్యనంది, ఇట్లాంటిదాన్ని ఉద్యోగంలో ఉంచకూడదు. కింద సంతకం గీసి నర్సింగు సూపరింటెండెంటు జానకీదేవి బల్ల మీద పెట్టింది. ఆ కాగితం ఒప్పుకుంటే జెబ ఈ నెలాఖరుకి ఇంటికి పోవాల్సిందే.

జానకీదేవిది విజయవాడ. నెమ్మదైన మనిషే గానీ పట్టుకుంటే వదలదు. "రేపు నాలుగింటికి ఇద్దరూ రండి భువనేశ్వరిగారూ. వచ్చేటప్పుడు మీ మాటకి ఆధారంగా ఒక రీసెర్చి పేపరు తీసుకురండి. ఆన్‌లైన్ లైబ్రరీకి అందుకేగా అంత ఖర్చుపెట్టింది? నేను చెప్పాను కాబట్టి రైటు అంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు ఒప్పుకోరండీ."

"ఒకటేంది మేడం, పది తెస్తా" అంది భువనేశ్వరి.

ఆ లైబ్రరీ సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో తెప్పించారు. ఏ జబ్బుకి ఏ వైద్యం పనిచేస్తుందో, ఏది చెయ్యదో, ఎవరు పరీక్షించి చూశారో అంతా కంప్యూటర్లో చదువుకోవచ్చు. వార్డుకొక లాగిన్, అదీ ఇన్‌ఛార్జి పేరు మీద. తెరిచినప్పుడల్లా ఆమె ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆ ఫోనేమో పొద్దస్తమానం నర్సుల బల్ల మీద ఛార్జింగులో పడుంటుంది. ఎవరైనా "సిస్టర్, ఓటీపీ" అని అరిస్తే, "ఆడనే ఉండాది చూసుకోండే" అని ఈమె వార్డు ఆ చివర్నుంచి అరిచేది. తను మాత్రం ఇన్ని నెలల్లో ఒక్కసారి తెరిచిన పాపాన పోలేదు.

మంగళవారం పొద్దున పదకొండింటికి మూడో అంతస్తెక్కి లైబ్రరీ గదిలోకొచ్చింది. లైబ్రేరియన్ శేషాద్రి పురసవాక్కంలోనే పుట్టి పెరిగిన తెలుగాయన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. ఈమెని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంది సిస్టరమ్మా, దారి తప్పి వచ్చినారా?"

"ఎగతాళొద్దు సార్. పడక పుండు రాకుండా రుద్దితే మంచిదని ఒక పేపరు తీసీండి. అంతే పని."

ఆమె ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని శేషాద్రి లోపలికెళ్ళాడు. "రుద్దితే మంచిది అని కొట్టమంటారా?"

"అట్టనే కొట్టండి."

"అట్ట కొడితే మనకి కావల్సిందే ఏరుకుంటామమ్మా. రుద్దితే ఏమవుతుంది అని అడుగుదాం. మంచిదైతే మంచిదనే వస్తుంది గదా?"

"సరి, అడగండి. నాకేం భయం?" అంటూ కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంది.

మొదటి పేజీ వచ్చింది. శేషాద్రి చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. ఎముక మీద ఎర్రబడిన చర్మాన్ని రుద్దకూడదు. అక్కడ సన్నటి రక్తనాళాలు అప్పటికే నలిగి ఉంటాయి, రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతినొచ్చు. స్పిరిటు చర్మాన్ని ఎండగడుతుంది. చెయ్యాల్సింది బరువు తప్పించడం, పక్కకి తిప్పడం.

"ఇది ఏ దేశం వాళ్ళు రాసింది సార్? వాళ్ళ చర్మాలు వేరు, మన చర్మాలు వేరు. ఇంకొకటి తీయండి."

ఇంకొకటి తీశాడు. అందులోనూ అదే. మూడోదాంట్లోనూ అదే. నాలుగోది మన దేశం నర్సులే రాసింది, అందులో ఇంకా గట్టిగా ఉంది. భువనేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని స్క్రీను దగ్గరికి జరిగింది. ఒక్కో అక్షరం వేలుపెట్టి చదువుకుంది.

"ఇది ఎప్పుడు కనుక్కున్నారు సార్? ఇప్పుడిప్పుడేనా?"

"లేదమ్మా" అన్నాడు ఆయన, ఆమె మొహం చూడకుండా. "చాన్నాళ్ళయింది. మీ స్కూలు పుస్తకం తర్వాత ఎంతో మారింది."

ఎంతమంది వీపులు! ఎంతమంది పిల్లలకి నేర్పింది! అయినా మనసు ఇంకా మొండికేస్తూనే ఉంది. ఎంతమందికి నయం కాలేదూ? నా చెయ్యి మంచిదని ఊరికే అన్నారా ఇంతమందీ?

శేషాద్రి ఆ మొదటి పేపరు ప్రింటు తీద్దామని ముందు ఆమె లాగిన్ కింద ఉన్న జాబితాలో దాచబోయి, ఆగిపోయాడు.

"ఇదేంది సిస్టరమ్మా, ఇది మీరు ముందే దాచిపెట్టినారే?"

"నేనా?"

"మీ పేరు మీదనే ఉండాది చూడండి. మార్చి పద్నాలుగు. ఈ వాక్యానికి పసుపు రంగు కూడా పూసినారు. పక్కన ఒక నోటు కూడా ఉంది." ఆయన కళ్ళు చికిలించి చదివాడు. "సిస్టర్‌కి చూపించాలి."

భువనేశ్వరి కళ్ళజోడు సర్దుకుని ఆ తారీఖు తనే చదివింది.

మార్చి పద్నాలుగు. మార్చి!

వాళ్ళమ్మ చెంగమ్మకి పక్షవాతం వచ్చింది ఏప్రిల్లో. తన వార్డులోనే, పన్నెండో మంచం మీద పెట్టుకుంది. నాలుగో రోజుకి నడుం కింద ఎర్రమచ్చ కనబడింది. మా అమ్మ ఒంటిమీద ఇంకొకరి చెయ్యి పడనిస్తానా అని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రోజుకి నాలుగుసార్లు తనే రుద్దింది, డ్యూటీ ముందర, డ్యూటీ తర్వాత. ఒకరోజు ఇట్లాగే రుద్దుతుంటే జెబ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని "వద్దు సిస్టర్, చాలు" అంది. పిల్లకి నా అలుపు చూసి జాలేసింది కాబోలు అని, "కన్నతల్లికి చెయ్యడంలో అలుపేందే పిచ్చిదానా" అని నవ్వి, చెయ్యి విడిపించుకుని మళ్ళీ రుద్దింది. వారానికల్లా చర్మం పగిలింది. తర్వాత పుండు లోతుకి పోయింది, చీము, జ్వరం. మే నెల రెండోవారంలో చెంగమ్మ పోయింది. సావు దగ్గర అందరూ అదే మాట, కూతురంటే నువ్వేనమ్మా, చేతులారా చేసుకున్నావు. ఆ ఒక్కమాట పట్టుకునే ఇన్నాళ్ళూ అన్నం తిని నిద్రపోతోంది ఈ మనిషి.

"నేను రుద్దినందుకేనా సార్?" అంది.

చెంగమ్మ ఎట్లా పోయిందో శేషాద్రికీ తెలుసు. "అట్టని ఎవురు చెప్పగలరమ్మా? ముసలితనం, షుగరు, పక్షవాతం... ఇదొక్కటే అని ఎవురూ చెప్పలేరు."

"కాదని చెప్పగలరా?"

ఆయన స్క్రీను వైపు తిరిగాడు. పోనీ అబద్ధమన్నా చెప్పలేకపోయాడు పాపం.

మార్చిలో జెబ ఒకసారి వచ్చి "సిస్టర్, ఒక పేపరు చదివినా, రెండు నిమిషాలు చూస్తారా" అనడం అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. "పేపర్లు చదివే టైముంటే పోయి దుప్పట్లు మార్చు" అని కసిరింది తను. అయ్యో దేవుడా, రెండు నిమిషాలు! ఆ రెండు నిమిషాలు కూర్చుని ఉంటే! భువనేశ్వరి తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. శేషాద్రి పేరూ తారీఖుతో సహా ప్రింటు తీసి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

నాలుగింటికి జానకీదేవి గదిలో జెబ ముందే వచ్చి కూర్చునుంది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బున్నాయి. చేతులు ఖాళీ.

"నువ్వేమీ పేపరు తేలేదేమ్మా?" అంది జానకీదేవి.

"నాకు లాగిన్ లేదు మేడం. నిన్నట్నుంచి సిస్టర్ ఫోను బల్ల మీద పెట్టట్లేదు."

భువనేశ్వరి తను తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. జానకీదేవి చదివింది. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఇదేంటండీ, ఇది మీకు వ్యతిరేకంగా ఉంది కదా? పైగా మీ పేరు, మార్చి తారీఖు. ఇంత ముందే చదివి కూడా రుద్దమన్నారా?"

పేరు మాత్రం తనదే. చదవలేదంటే లాగిన్ అందరికీ పంచిన తప్పు, చదివానంటే అంతకంటే పెద్ద తప్పు. రెండూ తెలుసు ఆమెకి. ఇంకో దారి కూడా ఉంది: ఇట్లాంటి పేపర్లు వంద వస్తాయి మేడం, అనుభవం ముందు ఇవెంత అని కొట్టిపారెయ్యొచ్చు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి మాట జానకీదేవి అంత తేలిగ్గా తీసెయ్యలేదు. జెబ పెట్టె సర్దుకుని తిరునెల్వేలి బస్సెక్కుతుంది. అంతటితో సరి.

"చదివింది ఆ పిల్ల మేడం. పేరే నాది" అంది భువనేశ్వరి. "చూపిస్తానంటే కసిరి పంపించినా. రుద్దనని ఆమె అనింది రైటు. రుద్దమని నేను అనింది తప్పు. ఆ కంప్లెయింటు ఇట్లా ఇవ్వండి."

కాగితం తీసుకుని, జెబ పేరు కొట్టేసి, పైన తన పేరు రాసింది.

అప్పుడు జెబ వైపు తిరిగింది. ఇంతసేపూ బిగబట్టిన దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"మా అమ్మప్పుడు ఎందుకు చెప్పలేదే నువ్వు? నీకు తెలుసు గదా! నేను వినకుంటే నా నెత్తిన ఒకటి కొట్టైనా చెప్పాల్సింది గదే!"

జెబ వెక్కుతూనే అంది. "చెయ్యి పట్టుకున్నా కదా సిస్టర్. మీరు నవ్వినారు."

జానకీదేవి లేచి తలుపు దగ్గరగా వేసింది.

అయిదున్నరకి సుబ్బన్ తాతని తిప్పాల్సిన టైమైంది. జెబ ఒక పక్క, భువనేశ్వరి ఒక పక్క దుప్పటి పట్టి ఆయన్ని ఎడం పక్కకి తిప్పారు. మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది, చర్మం మాత్రం పగల్లేదు. జెబ దిండు మడిచి నడుం వెనకాల పెట్టింది.

"ఏమ్మా పెద్ద నర్సమ్మా" అన్నాడు తాత గోడవైపు తిరిగే. "నీ చెయ్యి మంచిదంట గదా, అందరూ చెప్తా ఉండారు. ఒక్కసారి రుద్దితే హాయిగా ఉంటుంది తల్లీ. మీ నాయన అనుకో."

భువనేశ్వరి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"రుద్దను తాతా" అంది. "నాయన అనుకునే రుద్దను."