యంత్రంలో వినబడిన పేరు

ఆ పొద్దున ఆకాశం మోడం వేసుకుని, వానా కురవక, వెలుగూ ఇవ్వక ఊపిరి బిగబట్టినట్టుంది. నేత్రావతి అన్నం, చారు వండి మూతలు పెట్టి, భర్త వెంకటరమణకు వేణ్ణీళ్ళు తోడి, చొక్కా ఇస్త్రీ చేసి, ఆయన వెనకాలే నగర్తపేటలో ఆటో ఎక్కింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మెదడు వయసుతోపాటు ఎట్లా మారుతుందో ఫోటోలు తీసి చూసే పరిశోధన కోసం ఆసుపత్రికి పోతున్నారు. ఇద్దరి పేర్లూ ఆయనే ఇచ్చాడు. "నీ బుర్రలో ఏముండాదని తీస్తారే, ఉప్పూ పప్పూ తప్ప?" అని దారిపొడుగునా నవ్వాడు.

అక్కడ అర్పిత అనే పిల్ల ఆమె తాళి, గాజులు, ముక్కుపుడక తీయించి గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెట్టింది. "నిద్రపోవద్దమ్మా. ఏమీ చేయొద్దు. ఊరికే ఉండండి."

ఊరికే ఉండమని ఆమెకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. యంత్రం దడదడ కొట్టుకుంది. తలలో ఎప్పటిలాగే గొంతు మొదలైంది: పాలు చూడు, ఆరేసిన బట్టలు తీయి, వాడికి మాత్ర ఇచ్చినావా? ఇన్నేళ్ళూ అది తన ఆలోచనే అనుకుంది. లేచి చేయడానికి వీల్లేక, కదలకుండా వింటే తెలిసింది, ఆ గొంతు తనది కాదు. ఎప్పుడో పోయిన అత్తది. గొంతు చెప్పి చెప్పి, ఎవరూ లేవకపోయేసరికి ఆగిపోయింది. మిగిలిన చీకట్లో చాలా దగ్గరగా ఎవరో పిలిచారు: గౌరమ్మా! ఆఁ అని పలికింది తనే.

బయటికొచ్చాక అర్పిత జ్ఞాపకశక్తి ప్రశ్నలు మొదలుపెట్టింది. "మీ పేరు చెప్పండమ్మా."

"గౌరమ్మ."

పక్క కుర్చీలో వెంకటరమణ ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, అది మా అమ్మ పేరు! చచ్చిపోయిన మా అమ్మ పేరు చెప్తా ఉండాది. ఏమప్పా ఇది, దీనికి మతి పోయిందా, మా అమ్మే దీని మీదికొచ్చిందా?"

"ఇక్కడ నేత్రావతి అని ఉందమ్మా. ఇంకోసారి అడుగుతాను," అంది అర్పిత మెల్లగా. "మళ్ళీ అదే చెబితే తప్పని రాయాలి."

ఒక్క మాటంటే చాలు, బుద్ధి సరిగ్గా ఉన్న మనిషిగా ఇంటికి పోవచ్చు. కాపురానికొచ్చిన నాడు అత్త అన్నది: "ఒక ఇంట్లో ఇద్దరు గౌరమ్మలా? నా కొడుకు నా పేరు పెట్టి పెండ్లాన్ని పిలిచేదా? ఈ దినం నుంచీ నువ్వు నేత్రావతి." పెళ్ళికొడుకు పక్కనే నిలబడి తలూపాడు. ఇప్పుడు ఆయనకు అది గుర్తే లేదు. విప్పి చెప్పబోయి మానుకుంది.

"గౌరమ్మ. తప్పని రాసుకో తల్లీ."

ఆటోలో ఆయన ఆ అంచుకు జరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, ఎన్నడూ లేనిది, తనే చాప పరిచి, కంచం కడిగి, వాళ్ళమ్మకు పెట్టినట్టే అన్నం మధ్యలో గుంట చేసి చారు పోశాడు. ఆమె కూర్చునేదాకా కూర్చోలేదు. ఆ భయం, ఆ మర్యాద చచ్చిన మనిషికని ఆమెకు తెలుసు. కాదనలేదు. గౌరమ్మ మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అప్పుడు ఆయన కూడా, తలెత్తకుండా, తినడం మొదలుపెట్టాడు. కంచాల చప్పుడు తప్ప ఇంట్లో ఏ గొంతూ లేదు.