ఆఖరుకు కలుస్తరా

కరెంటు పోయి అప్పటికి గంటన్నర. మరమగ్గాలు ఆగిపోయిన సాంచాల షెడ్డు గుమ్మంలో కూర్చుని ప్రభుదాసు తన నవలల ధర మారుస్తున్నాడు. గంజిలో వేలు ముంచి వెనక అట్ట మీద పూస్తాడు. 'రూ. 15' అని చేత్తో రాసిన కాగితం ముక్క అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కుతాడు. ఆ ముక్క కింద ఇరవై ఐదు ఉంది. దాని కింద నలభై. అన్నిటికీ అడుగున, జగిత్యాల ప్రెస్సువాడు అచ్చేసిన అరవై ఉంది. ఇంతకన్నా దిగితే ఇక ఊరికే పంచిపెట్టడమే.

ఆయనకు యాభై నాలుగేళ్లు. సిరిసిల్లలో గుడ్డ తానులు మోయడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లు. ఎప్పుడూ ఎడమ భుజమే. అది కుడిదానికన్నా రెండంగుళాలు కిందికి జారి, మెడ దగ్గర చర్మం మందంగా, నల్లగా కాయ కాసింది. ఏ చొక్కా అయినా ముందు అక్కడే చిరుగుతుంది. పొద్దుటి నుంచి ఆ భుజం లాగుతోంది. వారం రోజులుగా ఒక్క తాను కూడా ఎత్తలేదు, మరి ఎందుకు లాగుతున్నట్టు? ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదు. ఇన్నేళ్లుగా లాగుతున్న భుజాన్ని ఎవరు పట్టించుకుంటారు?

అది రెండువేల పదకొండు, అక్టోబరు నెల. సకల జనుల సమ్మె నాలుగో వారంలో పడింది. బొగ్గు రాక కరెంటు లేదు, కరెంటు లేక సాంచాలు ఆడడం లేదు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి.

హమాలీకి ప్రేమ నవలల పిచ్చేమిటని అడిగినవాళ్లకు ఆయన నవ్వి ఒకటే చెబుతాడు. తానులకు చుట్టి వచ్చే పాత వారపత్రికల కాగితాల్లో సీరియల్ ముక్కలు ఉండేవి. తీరిక దొరికినప్పుడల్లా అవి చదివేవాడు. ఏ ముక్కలోనూ కథ చివర ఉండేది కాదు. ఉక్రోషం పట్టలేక చివరలు తనే రాసుకోవడం మొదలుపెట్టాడు, తర్వాత మొదళ్లు కూడా వచ్చి చేరాయి. ఈ 'నీ కండె, నా దారం' మూడో నవల. ఇందులో అమ్మాయి దారం కండెలు చుడుతుంది, అబ్బాయి సాంచా నడుపుతాడు, ఇద్దరూ సిరిసిల్ల మాటే మాట్లాడుకుంటారు.

కోరుట్ల బస్టాండు దుకాణంలో పెట్టి చూశాడు. "అరవైకి పేరున్నోళ్లయే పోతలెవ్వు, నువ్వెవరని కొంటరే?" అన్నాడు దుకాణం ఆయన. ఇరవై ఐదు చేస్తే కొనేవాళ్లు పుస్తకాన్ని తిరగేసి, మరగేసి, "గింత సస్తనా? పేజీలు గిట్ల ఊడినయా?" అన్నారు. ఎక్కువైతే ముట్టరు, తక్కువైతే నమ్మరు. ఆ బేరాల మధ్య ఆయన పట్టుకున్న కిటుకు ఒక్కటే. పుస్తకం చేతిలోకి తీసుకున్న ప్రతి మనిషీ "ఆఖరుకు కలుస్తరా?" అని అడుగుతాడు. పేరున్న రచయితలు చివర దాచుకుంటారు. ఈయన ముందే చెప్పేసేవాడు.

"కలుస్తరు. నాది పూచీ."

ఆ పూచీకే నలుగురు కొనేవాళ్లు. ఈ ఊరు చాలా చావులు చూసింది. ప్రభుదాసు సొంత తమ్ముడే, పని దొరకని ఓ ఏడాది, తన ప్రాణం తనే తీసుకున్నాడు. పుస్తకంలోనైనా ఎవరినీ పోనివ్వకూడదని ఆ ఏడే అనుకున్నాడు.

పది గంటలకు సంచి భుజానికి తగిలించుకుని బస్టాండు ముందున్న దీక్షా శిబిరానికి బయల్దేరాడు. దారిలో ఇంటి అరుగు మీద భార్య ముత్తమ్మ బీడీలు చుడుతూ, "అమ్ముడువోకుంటే పట్టుకరా, బీడీ కట్టలకు చుట్టనీకి కాయితం గావాలె" అంది. ఆమె ఎగతాళి ఆయనకు అలవాటే కానీ, ఆ వేళ కొంచెం గుచ్చుకుంది.

శిబిరం సంగతి ఆయన కనిపెట్టి నాలుగు రోజులైంది. రోజుకు ఐదుగురు చొప్పున పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తిండి లేకుండా కూర్చుంటారు. చుట్టూ ఇంకో ముప్పై మంది. నినాదాలు ఎంతసేపని ఇస్తారు? ఏడు గంటలు ఒకేచోట కదలకుండా కూర్చునే పాఠకులు ఏ రచయితకు దొరుకుతారు! ఆకలితో ఉన్నవాళ్లకు అమ్మడమా అని సిగ్గుపడుతూనే, ఆయన రోజూ వెళ్లేవాడు.

ఆ రోజు దీక్షలో ఉన్న ఐలవ్వ, బీడీలు చుట్టే ముసలమ్మ, ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"తమ్మీ, కలుస్తరా?"

"కలుస్తరక్కా."

నడుముకు దోపుకున్న డబ్బుల చిక్కం తీసి పదిహేనూ ఇచ్చి, పక్కన కూర్చున్న అంగన్‌వాడీ టీచరు సంగీత చేతిలో పుస్తకం పెట్టింది. "సదువు బిడ్డా. నాకు అచ్చరాలు రావు." సంగీత పైకి చదవసాగింది. కాసేపటికి ఆడవాళ్లంతా దగ్గరికి జరిగారు. ప్రభుదాసు ఏ మాట దగ్గర నవ్వాలనుకుని రాశాడో సరిగ్గా అక్కడే నవ్వారు.

శిబిరం నడిపేది వకీలు గోపాల్ రావు. పెగడపల్లి దిక్కు భూములున్న ఇంటివాడు. సమ్మె మొదలయ్యాక నిద్ర మానేసి తిరుగుతున్న మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ప్రభుదాసును శామియానా వెనక్కి తీసుకుపోయాడు.

"మన భాషల రాసినవ్. మస్తుగుంది. ఎన్ని కాపీలున్నయ్?"

"నాలుగు వందలుంటయి సారూ."

"అన్ని నేను కొంట. అరవైకే. జగిత్యాల, కోరుట్ల, మల్లాపూర్ శిబిరాలకు పంపుత. ఊరూర నీ పేరు ఇనవడ్తది." ఒక్క క్షణం ఆగాడు. "కని ఆఖరి పదహారు పేజీలు మార్చు. గిప్పుడు పెండ్లి ముచ్చటేంది? పిలగాడు తెలంగాణ కోసం పాణమియ్యాలె. అచ్చు ఖర్సు నాది. ఐదింటి లోపల చెప్పు, ప్రెస్సోడు నా ఫోన్ కోసం చూస్తున్నడు."

ఇంతలో ఎవరో వచ్చి, దీక్షకు రావలసిన ఐదో మనిషి రాలేదన్నారు. పేపరువాళ్లు వచ్చే వేళ. "నువ్వు గూసో ప్రభుదాసు, కూసోని ఆలోచించు" అని గోపాల్ రావే బంతిపూల దండ తెచ్చి ఆయన మెడలో వేశాడు. ఉన్న ఖాళీ చివర గుంజ పక్కన ఉంది.

కూర్చున్నాడు. ఎండ శామియానా మీంచి దిగుతోంది. అరవై రూపాయలు, నాలుగు వందల కాపీలు, ఊరూరా పేరు. ఇరవై ఎనిమిదేళ్లలో తన పేరు పెట్టి పిలిచింది హాజరు పుస్తకం ఒక్కటే. పదహారు పేజీలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క పూట. కథలో పిల్లగాడు నిజం మనిషి కాదు కదా, అనుకున్నాడు. ఆ వెంటనే తమ్ముడి మొహం గుర్తొచ్చింది. తమ్ముడు పోయిన రోజు కూడా పేపర్లో ఫొటో వేశారు, బాగానే పడింది. వాడి పెళ్లాం ఆ పేపరును మళ్లీ ముట్టుకోలేదు.

చెమటలు పడుతున్నాయి. భుజం నుంచి మోచేతి దాకా ఎవరో మెలిపెడుతున్నట్టుంది. సంచి తీసి అవతల పెట్టాడు. సంగీత చదువుతూనే ఉంది. నాలుగున్నరకు చివరి పేజీల దగ్గరికి వచ్చింది. "జల్ది సదువు బిడ్డా" అంటోంది ఐలవ్వ.

గోపాల్ రావు వచ్చి వంగాడు. "ఏమంటవ్?"

"వద్దు సారూ."

"అరే, ఎందుకు?"

"పిలగాడు పెండ్లికి కొత్తంగి కుట్టిచ్చుకున్నడు. నాతోని గాదు."

గోపాల్ రావు నుదురు రుద్దుకున్నాడు. "పదిహేనుకే అమ్ముకో ఇగ, నీ కర్మ" అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. ప్రభుదాసు గుంజకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. పెద్ద బరువు దించేసిన హాయి కలిగింది. సంగీత గొంతులో పెళ్లి పందిరి పడుతోంది, అమ్మాయి సిగ్గుపడుతోంది, ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

ఐదింటికి నిమ్మరసం వచ్చింది. నలుగురు తాగారు.

"తమ్మునికి కన్నంటుకున్నది, లేపకున్రి" అంది ఐలవ్వ.

పది నిమిషాల తర్వాత గోపాల్ రావే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. ఆ తర్వాత మైకు దగ్గర నిలబడి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. దీక్షలో కన్నుమూసిన అమరుడు అన్నాడు. జోహార్లు మిన్నంటాయి. ఐలవ్వ ఒక్కతే లేచి నిలబడింది.

"ఆయన సావనీకి రాలే సారూ. పుస్తకాలు అమ్ముకోనీకి అచ్చిండు."

నినాదాల్లో ఆ మాట సంగీతకు తప్ప ఎవరికీ వినపడలేదు.

తెల్లారేసరికి గోడల మీద ఆయన ఫొటోతో పోస్టర్లు పడ్డాయి. మిగిలిన పుస్తకాలు మూడు రోజుల్లో అమ్ముడుపోయాయి. అరవైకే, బేరం లేకుండా. ఎవరూ కథ గురించి అడగలేదు. రచయిత ఎలా పోయాడని మాత్రం అడిగారు.

ఆయన పోయిన మర్నాడు పొద్దున దీక్షకు కొత్తగా ఐదుగురు వచ్చి కూర్చున్నారు. ఎవరూ గుంజ పక్కకు మాత్రం జరగలేదు. అక్కడ చాప అంచున, ఆయన కోసం పోసిన నిమ్మరసం స్టీలు గ్లాసు నిండుగా అలాగే ఉంది, అడుగున రెండు గింజలతో.