మురాఖబా

గేటు తాళం తీసి, గొలుసును కొక్కేనికి తగిలించి, చినబాబు మెడలో వేలాడుతున్న ఈలను చొక్కా లోపలికి తోసుకున్నాడు. పొద్దున్నే ఆ ఇనుము ఛాతీకి తగిలితే ఒళ్ళు ఝల్లుమంటుంది. అయినా లోపలే వేసుకుంటాడు. బయట ఉంటే గాలికి చొక్కా గుండీకి కొట్టుకుని టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు అతనికి పడదు.

కువైట్ శివార్లలోని అమ్ఘరాలో ఆ యార్డు పెద్దదేమీ కాదు. ఒక పక్క పాత సెంట్రింగు చెక్కల దొంతరలు, ఇంకో పక్క తుప్పుపట్టిన పైపులు, మధ్యలో రేకుల షెడ్డు, షెడ్డు ముందు ఒక కుర్చీ. ఆ కుర్చీయే చినబాబు ఉద్యోగం. యాభై దాటి నెత్తి నెరిసినా అతను చినబాబే. ఇఖామా కార్డులో వెంకటసత్యనారాయణ అని ఉంది గానీ, అంత పేరుకు నోరు తిరగక యజమాని అబూ ఫహద్ ‘బాబూ’ అంటాడు. పనివాళ్ళందరూ ఆ ముసలి యజమానిని ‘బాబా’ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఓ పట్టాన అర్థం కాదు.

చినబాబు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. అరచేతుల నిండా కాయలు. కొన్ని అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచిన రోజులవి, కొన్ని ఇక్కడికి వచ్చాక చెక్కల్లోంచి మేకులు పీకి సుత్తితో సాపు చేసిన రోజులవి. ఈ మధ్య గేటు దాకా నడిచి వచ్చినా ఎడమ రెక్క లాగుతోంది. కాసేపు నిలబడి, ఎవరూ చూడకుండా ఛాతీ రుద్దుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

కూర్చోవడం అతనికి కొత్త కాదు. ఊళ్ళో మూడేళ్ళ కొడుకు జ్వరంతో పోయాక అతనికి నిద్ర కరువైంది. కళ్ళు మూస్తే పిల్లవాడి మూలుగే వినిపించేది. భార్య గంగారత్నం ఏడ్చి ఏడ్చి ఎలాగో తేరుకుంది. అతనికి ఏడుపు రాలేదు, అందుకే తేరుకోనూ లేదు. నిద్రమాత్ర ఇమ్మని కాంపౌండరు సోమేశ్వరరావు గారి దగ్గరికి వెళితే, ఆయన మాత్ర ఇవ్వకుండా చాప చూపించాడు.

“కళ్ళు మూసుకుని కూర్చో. ఊపిరి వత్తాది, పోతాది. దాన్ని చూత్తా ఉండు. ఇంకేం చెయ్యకు” అన్నాడు.

“ఇదేం మందండీ?” అన్నాడు చినబాబు.

“డబ్బుల్లేని మందు. అందుకే ఎవరూ వాడరు.”

చినబాబు వాడాడు. మొదట మూలుగు ఇంకా గట్టిగా వినిపించింది. పారిపోదామనుకున్నాడు. పారిపోలేదు. కొన్నాళ్ళకు మూలుగు దూరమైంది, ఆ పైన అదీ ఊపిరిలో కలిసిపోయింది. అప్పుడు ఏడుపు వచ్చింది. తనివితీరా ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఏ దేవుణ్ణీ కొత్తగా మొక్కలేదు, ఎవరికీ బోధలు చెయ్యలేదు. రోజూ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం మాత్రం మానలేదు.

కువైట్‌లో ఆ కాసేపు దొరకడమే గగనమైంది. గదిలో మంచాల మీద మంచాలు, టేప్ రికార్డర్లు, పేకాట. చివరికి యార్డులోనే, మధ్యాహ్నం అందరూ తిని కునుకు తీసే వేళ, చెక్కల దొంతర వెనక చోటు చూసుకున్నాడు. ఒకనాడు ఆ వేళకే అబూ ఫహద్ వచ్చి, నిటారుగా కూర్చున్న అతని వీపు చూసి, అక్కడేం చేస్తున్నాడని డ్రైవర్ ఖాసిం వలిని అడిగాడు.

ఖాసిం వలిది రాయచోటి. వాళ్ళ తాత దర్గాలో తల వంచుకుని అలాగే గంటలు గంటలు కూర్చునేవాడు. ఇంట్లో దానికున్న పేరే ఖాసిం నోటికొచ్చింది.

“మురాఖబా, బాబా. రోజూ ఇంతే” అన్నాడు.

రాయచోటి తాత నోట ఆ మాటకు ధ్యానమని అర్థం. కువైట్ వీధిలో కాపలా అని అర్థం. అందరూ గుర్రు పెట్టే వేళ ఒక్కడు జీతం పెంచమనకుండా కాపలా కాస్తున్నాడని ముసలాయన కరిగిపోయాడు. మర్నాడే ఒక కుర్చీ వేయించి, మెడలో ఈల వేసి, మేకులు పీకడం ఖలాస్ అన్నాడు. పనివాళ్ళు పడీపడీ నవ్వారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, చినబాబుకు వీసా ఇచ్చిన కఫీల్ అడక్కుండానే పెట్టాడు.

అయితే ఆ రోజు నుంచి అతను కళ్ళు మూయలేదు. కాపలావాడు కళ్ళు మూస్తే దొంగకు తలుపు తీసినట్టే కదా. కూర్చోవడానికి పగలంతా దొరికింది, దేనికోసం కూర్చోవాలో అది పోయింది. రాత్రి గదికి వెళితే పేకాట ఉండనే ఉంది. ఈ చలికాలం గాలి పైపుల్లో దూరి మూలుగుతుంటే ఆ పాత మూలుగు మళ్ళీ మొదలైంది. చినబాబుకు భయం వేసింది. చావంటే కాదు, ఆ మూలుగు వింటూ చావడమంటే భయం.

ఇవాళ టీ తాగేటప్పుడు ఖాసింతో అన్నాడు. “బాబాకి నిజం సెప్పేత్తానురా. నాకీ కుర్చీ వొద్దు. మేకులే పీక్కుంటాను. మజ్జాన్నం కాసేపు నా కళ్ళు నాకుంటాయి.”

ఖాసిం గ్లాసు కింద పెట్టేశాడు. “ఏమన్నా, మతి గాని పోయిందా? నీ గుండెకాయ సంగతి నాకు తెలీదనుకుంటివా? మేకులు పీకితే నెల తిరక్కముందే పోతావు.”

“ఈ మూలుగు ఇంటా ఉంటే అంతకంటే ముందే పోతాను.”

“నేను మాత్రం చెప్పను. ఆ పొద్దు ఒక్క మాట చెప్పిందానికే ఇంత అయిపాయ.”

“నువ్వు సెప్పకు. నేనే సెప్తాను” అన్నాడు చినబాబు.

మధ్యాహ్నం అబూ ఫహద్ వచ్చాడు. చినబాబు లేచి ఎదురెళ్ళాడు. అతనికి వచ్చిన అరబ్బీ గుప్పెడు. ముందు ఈల చూపించి, వేళ్ళతో కనురెప్పలు విప్పి, “హాదా మురాఖబా... లా, బాబా” అన్నాడు. ఈ కాపలా కాదు అని. తరువాత ఇసుకలో చతికిలబడి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి ఛాతీ మీద పెట్టి, ఊపిరి పీల్చి వదిలాడు. “అన... హాదా.” నేను చేసింది ఇది. ఆ తరువాత చెక్కల వైపు నడిచి, మేకులు పీకే ఇనపకడ్డీ చేత పట్టుకుని నిలబడ్డాడు.

ముసలాయన నవ్వుతాడనో తిడతాడనో అనుకుని ఖాసిం దూరంగా నిలబడ్డాడు. ఆయన ఏదీ చెయ్యలేదు. వచ్చి ఆ కడ్డీ లాక్కుని అవతల పడేశాడు. ఖాసింను పిలిచి, ఈసారి సరిగ్గా చెప్పు అని మొదలుపెట్టాడు.

“అన్నా, బాబా చిన్నప్పుడు ముత్యాల పడవలో పని చేసినాడంట. ఒకడు సముద్రంలోకి మునిగితే, పైన ఇంకొకడు తాడు పట్టుకుని కూసుండాలంట. కిందోడు తాడు లాగితే పైకి తియ్యాల. ఈయన తాడు పట్టేవోడంట.” ఖాసిం ముసలాయన వైపు చెయ్యి చూపించాడు. “నువ్వు మునుగు, తాడు నేను పట్టుకుంటా అంటాండాడు.”

అబూ ఫహద్ కుర్చీలో కూర్చుని చెయ్యి చాచాడు. చినబాబు ఈల మెడలోంచి తీసి ఇచ్చాడు. ముసలాయన దాని తాడును వేళ్ళకు చుట్టుకుని గేటు వైపు తిరిగాడు.

చినబాబు చెక్కల దొంతర వెనక పాతచోటుకు వెళ్ళి, చెప్పులు పక్కన విడిచి, కళ్ళు మూసుకున్నాడు. గాలి పైపుల్లో మూలిగింది. విన్నాడు. పారిపోలేదు. కాసేపటికి ముఖంలో ముడతలన్నీ వదులయ్యాయి. అది చూసి ఖాసిం సంతోషంగా వెళ్ళి పికప్‌లో పడుకున్నాడు.

సాయంత్రపు నమాజు పిలుపు వినిపించింది. పనివాళ్ళు లేచారు. అబూ ఫహద్ నోటి మీద వేలు పెట్టి ఎవరినీ సుత్తి ఎత్తనివ్వలేదు. తన నమాజు కూడా కుర్చీ పక్కనే చేసుకున్నాడు. నీడ జరిగి ఎండ చినబాబు కళ్ళ మీద పడింది. రెప్పలు కదల్లేదు. ముసలాయన వెళ్ళి తన తలగుడ్డ తీసి ఎండకు అడ్డం పట్టాడు. అలా పట్టుకుని కాసేపు చూసి, ఖాసింను పిలిచాడు.

“తాడు లాగలేదు. నేను చూస్తూనే ఉన్నా, లాగలేదు” అన్నాడు చిన్నపిల్లవాడిలా.

ఖాసిం చినబాబు చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ కాయలు కాసిన చెయ్యి చల్లబడి చాలాసేపైంది. మూలుగు వింటూ పోలేదు, ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాటే గంగారత్నానికి రాయించాలనుకుని ఖాసిం బోరున ఏడ్చాడు.

చినబాబును మోస్తూ పెట్టె విమానమెక్కింది. కొత్త కాపలావాడు వచ్చాడు, వాడికి కొత్త ఈల కొన్నారు. పాతది షెడ్డు గుంజకు ఒక మేకు మీద ఉంది, చినబాబు సాపు చేసిన మేకే. గాలి వీచినప్పుడు ఆ ఈల రేకుకు తగిలి టిక్కుటిక్కుమంటుంది.