ఉప్పు మరిగె

జ్ఞానయ్య కొయ్యముక్కను మోకాళ్ల మధ్య ఇరికించుకుని దాని మీద నీళ్లు చిలకరించాడు. తడి ఆరేకొద్దీ బీట ఉన్నచోట మాత్రం సన్నని నల్లగీత మిగులుతుంది. ఈ ముక్కలో గీత లేదు. పొద్దున్నుంచీ బరువెక్కిన ఎడమచేతిని ఒకసారి విదిలించి, బాడిశ అందుకున్నాడు.

కంభంలో వీరభద్రాచారి కొట్టంలో కొయ్యను తిప్పి గిన్నెలు తీసే తరిమెన ఉంది. అక్కడికి వచ్చేవన్నీ ఇలాంటి వంకర ముక్కలే. కొమ్మ చీలినచోటివి, వేరు మెలి తిరిగినవి, నాగలికీ తలుపుకూ పనికిరావని బేస్తవారిపేట వడ్రంగులు పారేసినవి. వాటిలో గిన్నె ఎక్కడుందో చూసి, నడిమి బెండు కోసేసి, మూలలు చెక్కి, గుండ్రం చేసి ఇవ్వడం జ్ఞానయ్య పని. ఒకవైపు బరువు మిగిలిందా, తాడు లాగి తరిమెన తిప్పగానే ముక్క ఎగిరి ఆచారి ముఖం పగలగొడుతుంది. ఇరవై ఆరేళ్లలో ఒక్కటీ ఎగరలేదు. అయినా తరిమెన ఉన్న అరుగు ఎక్కే హక్కు అతనికి లేదు. అతని చోటు పెరట్లో, ఎండలో. నున్నగా తేలిన ఆ కొయ్యగిన్నెలు, మరిగెలు, ఉప్పుకూ ఊరగాయకూ పెద్దిళ్ల వంటగదుల్లోకి నేరుగా వెళ్లిపోతాయి. మొదట వాటిని పట్టుకున్న చేతులెవరివో ఎవరూ అడగరు. అడిగితే ఉప్పు చేదవుతుందేమో!

యుద్ధం వచ్చి ఇత్తడి కరువయ్యాక మరిగెలకు గిరాకీ పెరిగింది. ఆ సంతోషంలో ఆచారి, "నీకూ ఒకటి తరిమెన పట్టిస్తాలే జ్ఞానయ్యా, ముక్క నువ్వే చూసుకో" అన్నాడు. పెళ్లయిన ఏడు భార్య దీనమ్మకు జ్ఞానయ్య ఇచ్చిన మాట అది. ఆమె ఉప్పు ఇప్పటికీ మూతి విరిగిన కుండలోనే ఉంది. వానాకాలం వస్తే సగం నీరై కారిపోతుంది. అందుకే కొత్తగా వచ్చిన గుమ్మడిటేకు కొయ్యల బండి అంతా గాలించి ఈ వేరుముక్కను ఏరుకున్నాడు.

మధ్యాహ్నం దీనమ్మ సంగటి తెచ్చేసరికి చెక్కడం అయిపోయింది. ముక్కను ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదేంది, మొద్దు!"

"మొద్దు గాదు. నీ ఉప్పు మరిగె. లోపలుంది."

"ఎప్పుడు బయటికొస్తాదంట?"

"యాడాది ఆరాల. పచ్చిది తరిమెన పడితే పగుల్తాది."

ఆ వారం చెక్కినవి తడిగోనె కింద పదకొండున్నాయి. శనివారం గనక, ఆరేటప్పుడు పగలకుండా అన్నిటికీ కలిపి పేడ పూయాలి. దీనమ్మ గోనె ఎత్తి చూసింది. ఒకే కొలత, ఒకే రంగు.

"అన్నీ ఒకటే తీరుగుండాయి. దీని మీద గుర్తు పెట్టుకోరాదా?"

"నేను చెక్కింది నా చేతికి తెలవదా? ఎత్తితే చెప్తా."

గొప్పకు పోయాడు పాపం. ఉన్నది ఆ ఒక్క గొప్పే.

ఆమె వెళ్లాక పేడ కలిపి, పన్నెండింటికీ వేళ్లతో ఒత్తి పూసి, తడిక నీడలో వరసగా పెట్టాడు. తర్వాత కాసేపు గుంజకు ఆనుకున్నాడు.

అరుగు మీంచి ఆచారి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి తిట్టాడు. ఆ తర్వాత దిగి వచ్చాడు. జ్ఞానయ్య కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమచెయ్యి పేడ తట్టలో ఉంది. ఇరవై ఆరేళ్లలో అతన్ని ముట్టుకోని ఆచారి, అప్పుడు భుజం పట్టుకుని కుదిపాడు.

పొద్దువాలుతుండగా వాళ్ల పేటనుంచి నలుగురు మంచం తెచ్చి మోసుకెళ్లారు. వెనకే నడవబోయిన దీనమ్మ తడిక దగ్గర ఆగింది.

"ఆచారయ్యా, మా ఆయన నాకని పెట్టింది ఏది?"

ఆచారి ఒకటి ఎత్తాడు. దించి ఇంకోటి ఎత్తాడు. అన్నీ ఒకే బరువు. ఏ ముక్కా ఒకవైపుకు వాలలేదు, అంత బాగా చెక్కాడు.

"పేడ గీకి చూడరాదా?"

"గీకితే పగుల్తాదమ్మా. గీకినా నాకేం తెలుస్తాది, అతన్నే అడగాల." ఆ మాట అన్నాక ఆచారికి సిగ్గేసింది. గొంతు తగ్గించి, "యాడాది కానీ, ఏదో ఒకటి పట్టిస్తాలే" అన్నాడు.

"ఏదో ఒకటి నాకెందుకయ్యా. అది నాది గాదు."

ఆమె మంచం వెంట వెళ్లిపోయింది. తడిక నీడలో పన్నెండు ముక్కలూ ఆరుతున్నాయి. అన్నిటి మీదా పేడలో ఒకే చేతి వేళ్ల గీతలు.