మెట్ల అంచున పసుపు

"మెట్లకి పసుపు రంగేటే? ఇది ఇల్లనుకున్నావా, బస్టాండనుకున్నావా?" అన్నారు మా అత్తగారు సూర్యకాంతంగారు. నేను తలెత్తలేదు. ఊళ్ళో సాక్చీ బజారులో కొన్న రంగు డబ్బాలో కుంచె ముంచి వరండా మూడో మెట్టు అంచున గీత పూర్తి చేశాను.

మా లీలకి మూడున్నరేళ్ళు. పుట్టుకతోనే చూపు బాగా తక్కువ. వెలుతురూ, కొట్టొచ్చినట్టుండే రంగులూ మాత్రం తెలుస్తాయి. "చూపు పెరగదమ్మా. ఉన్న కాస్తనీ ఆటల్లో వాడుకోనివ్వండి," అన్నాడు కలకత్తా డాక్టరు. మా ఆయన ఉమామహేశ్వర్ కూడా ఆ మాట విన్నారు. విని, మేముండే టెల్కో ఫ్యాక్టరీ కాలనీలో ఎవరికీ చెప్పొద్దన్నారు. అందుకని ఎవరైనా వచ్చినప్పుడల్లా నేను అందరికీ టిఫిన్లు చేసి పెడుతూనే, మధ్యమధ్య పిల్లని ఉంచిన వెనకగదిలోకి పరిగెత్తి దాన్ని ఊరుకోబెట్టేదాన్ని. "మా అమ్మాయికి సిగ్గెక్కువండీ," అనేవారాయన ముందుగదిలో. దానికి సిగ్గంటే ఏమిటో తెలియదు. తలుపు వేసి నేనే నేర్పుతున్నానని ఒకనాడు తోచింది.

మర్నాడే నా నల్ల పట్టుచీర నేలమీద పరిచి తెల్ల పింగాణీ గిన్నెలు పెట్టాను. లీల మొహం బాగా వంచి, వెతికి వెతికి, ఒక్కొక్కటే పట్టుకుంది. పిల్లని నల్లగుడ్డ మీద కూర్చోబెట్టానని అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో పిల్ల గిన్నెలో గిన్నె పేర్చడం నేర్చుకుంది. ఆ తర్వాత మెట్ల మీదకి మళ్ళింది నా ఆలోచన.

రంగు వేసిన ఆ సాయంత్రం ఆయన షిఫ్టు బస్సు దిగొచ్చి మెట్ల ముందు ఆగిపోయారు.

"ఏటిది రమణీ? ఆదివారం మా మేనేజరు వత్తన్నారు. కిరసనాయిలు పెట్టి తుడిచెయ్యి."

"మీ ఫ్యాక్టరీ షాపులో గచ్చు మీద పసుపు గీతలెందుకు?"

"సేఫ్టీకి."

"వాటిని చూసి మీ ఫిట్టర్లని ఎవరైనా గుడ్డివాళ్ళంటారా?"

"ఎవరైనా అడిగితే ఏటి చెప్పమంటావు?" అన్నారు చివరికి. గొంతు తగ్గింది. ఇన్నాళ్ళూ నేను కోపమనుకున్నది భయం.

"నన్ను పిలవండి. నేను చెప్తాను."

ఆదివారం మేనేజరుగారితో వచ్చిన భార్య జగదాంబగారు వరండాలో కూర్చుంటూనే అడిగారు, "మెట్లకి ఆ రంగేమిటమ్మా?" అని. మా ఆయన నావైపు చూశారు.

"మా లీలకి చూపు తక్కువండీ. ఆ గీతలు చూసుకుని తనే దిగుతుంది," అన్నాను.

లీల తల వంచి, గీత దాకా కాలు జరిపి, ఒక మెట్టు దిగింది. రెండోది దిగింది. మూడో మెట్టు దగ్గర తూలి మట్టిలో చతికిలపడింది. ఆయన గబుక్కున లేచారు. ఆయన అందుకునేలోపే పిల్ల పకపకా నవ్వి, రెండు చేతులతో మట్టి తడుముతూ, "అమ్మా, గులకరాళ్ళు!" అని కేక పెట్టింది.

"లోపల టీ మరుగుతోంది. మీరు చూసుకోండి," అన్నాను ఆయనతో, అందరి ముందూ. "నేను నా కూతురితో ఆడుకోవాలి."