పదిహేడు సోమవారాల కళ్లజోడు

నేను ఒక కళ్లజోడును. బస్టాండు పక్కన తోపుడుబండి మీద ఉన్న నన్ను, సముద్రం దగ్గరి పల్లెలో ప్రార్థనలకు బైబిలు చదివే యోనా బేరమాడి కొన్నాడు. తొమ్మిదేళ్లు ఆయన ముక్కు మీద దర్జాగా బతికాను. ఆయన పోయాక భార్య దీనమ్మ నన్ను బైబిలుతోపాటు గుడ్డసంచిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

యోనా సమాధికి వెళ్లే దారికి రొయ్యల చెరువు ఆసామి ఒకడు ముళ్లకంచె వేశాడు. ఈస్టరు నాడు మా పల్లెవాళ్లు సమాధులకు సున్నం కొట్టి, పూలు పెడతారు. ఆలోగా దారి తెరిపించాలని దీనమ్మ ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లేది. ఆయన కాగితాన్ని చేతి దూరాన పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని, "వచ్చేవారం చూద్దాంలే" అనేవాడు. సంచిలోంచి తొంగి చూస్తున్న నాకు ఆయన జబ్బేమిటో మొదటి రోజే తెలిసిపోయింది. కానీ కళ్లజోడు మాట ఎవరు వింటారు?

పదిహేడో సోమవారం దీనమ్మ ఆఫీసు వరండాలో కూర్చుని, సంచిలోంచి బైబిలు తీసి అటెండరును పిలిచింది.

"మస్తానూ, ఇందులో విధవరాలి ఉపమానం ఉంది, కాస్త చదివి పెట్టయ్యా. బుధవారం స్త్రీల సమాజంలో నేనే వివరించాల."

అక్షరాలు అలుక్కుపోతున్నాయని మస్తాన్ గొణిగాడు. ఆమె నన్ను తీసి ఇచ్చింది. మళ్లీ ఒక ముక్కు దొరికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అతను గొంతెత్తి చదివాడు. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచెయ్యని న్యాయాధిపతి ఒకడు. న్యాయం చెయ్యమని అతని చుట్టూ తిరిగిన విధవరాలు. ఆమె పోరు పడలేక చివరికి తీర్పు చెప్పాడు.

"మీ దేవుడు కూడా ఇట్టాంటోడేనా అక్కా? పోరితేగాని వినడా?"

"కాదయ్యా. ఇట్టాంటోడే విసుగెత్తి న్యాయం చేశాడే, మనమంటే ప్రేమున్నాయన చెయ్యకుండా ఉంటాడా? అదీ సంగతి. ఆయన్ని అడిగి, ఆ ధైర్యంతోనే ఇక్కడికొస్తన్నా."

లోపలి నుంచి ఆఫీసరు కేక వినిపించింది. "ఎవర్ని గురించయ్యా మస్తాన్, ఆ చదవడం?"

"పాత కథ సార్. మన ఆఫీసుది కాదు."

ఆ జవాబుతో ఆయన అనుమానం రెట్టింపయింది. "ఆవిడ పింఛను అర్జీ పట్టుకురా."

"పింఛను కాదు సార్, సమాధుల దారి."

పదిహేడు వారాలుగా ఆయన దాన్ని చదవనే లేదు! చూపు తగ్గిందని ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. మస్తాన్ అర్జీ తెచ్చి ఆయన ముందుంచి, నన్ను తన ముక్కు మీంచి తీసి దాని మీద పెట్టాడు. ఆయన ఒకసారి తలుపు వైపు చూసి, నన్ను గబుక్కున తగిలించుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. నా కింద ఆయన చెంపలు వేడెక్కాయి.

ఆ వారమే సర్వేయరు వచ్చాడు. పటంలో దారి ఉంది. కంచె లేచిపోయింది.

ఈస్టరు ఉదయం దీనమ్మ యోనా సమాధి పక్కన కూలబడి, "హమ్మయ్య, వచ్చానయ్యా! ఆలస్యమైంది, ఏమీ అనుకోమాక" అని కడుపారా ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నన్ను సంచిలోంచి తీసి ఆయనకు చూపించింది. "దీన్ని ఆఫీసులో ఇచ్చేస్తా. అక్కడ అవసరం ఎక్కువగా ఉంది."

ఇప్పుడు నన్ను దారంతో తహసీల్దారు టేబుల్‌కు కట్టారు. సోమవారం వస్తే ఆయన నా కోసం తడుముకుంటాడు. ఎవరి అర్జీ అయినా మేమిద్దరం మొదటి వారమే చదివేస్తున్నాం.