బడి వరండాలో పడుగులు

వేటపాలెం నేతపేటలో వందేళ్ల నాటి బడి ఒకటుంది. పిల్లల్ని వేరే బడిలో కలిపేశాక నాలుగేళ్లుగా దానికి తాళమే. తాళం గదులకు గానీ వరండాకు కాదు కదా! ఈ మూల నుంచి ఆ మూల దాకా బారుగా సాగిన ఆ వరండాలోనే రావమ్మా, మరో పదిళ్ల వాళ్లూ వానాకాలమంతా మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగులు చాపి గంజి పెట్టుకునేవారు. ఎండల్లో అయితే వీధి ఉంది. వానల్లో ఆ వరండా లేకపోతే మగ్గం మూలన పడ్డట్టే.

బడిని ఉంచాలా, పడగొట్టి షాపులు కట్టాలా అని తేల్చడానికి ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. పేట హడలిపోయింది. సర్కారు బిల్డింగులో దూరారని కేసు పెడితేనో? అంతే, పొద్దున్నే ఆడవాళ్లంతా చీపుళ్లు పట్టారు. పడుగులు కట్టే కర్రలు పీకి, గంజి మరకలు కడిగి, ఒక్క నూలుపోగు మిగలకుండా ఊడ్చేశారు. అందరికంటే ముందు చీపురు పట్టింది రావమ్మే. ఏం తెలివో ఏమో! ఇంజనీరు వచ్చి, చూసి, రాసుకుని పోయాడు. హమ్మయ్య అనుకున్నారు.

నెల తిరక్కుండా బాపట్ల నుంచి ఆఫీసరు వచ్చి బడి ముందు సభ పెట్టాడు. ఇంజనీరు రాసింది చదివాడు.

"గోడలు గట్టిగానే ఉన్నాయి. కానీ ఎవరూ వాడుతున్న ఆనవాలు లేదు. పడగొట్టవచ్చు."

రావమ్మకు అప్పుడర్థమైంది. చేతులారా తమ కొంప తామే ముంచుకున్నారు.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా అండి?" ఆఫీసరు అడిగాడు.

పదిళ్ల వాళ్లూ తలలు దించుకున్నారు. రావమ్మ లేవబోతే భర్త రామబ్రహ్మం చెయ్యి పట్టి లాగాడు. "కూర్చోవే. కేసు మన మెడకు చుట్టుకుద్ది."

"వానలొస్తే పడుగు ఎక్కడ చాపుతావయ్యా, నా నెత్తి మీదా?" విదిలించుకుని లేచింది.

"మేం వాడుతున్నామండి. నాలుగేళ్లుగా పడుగులు ఇక్కడే చాపుతున్నాం."

"ఆనవాలే లేదని రాశారు కదమ్మా?"

"భయపడి మేమే కడిగేశామండి."

"పర్మిషన్ ఉందా?"

"లేదండి."

"ఇంకెవరెవరు వాడుతున్నారు?"

రావమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఒక్కరూ తలెత్తలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

"ముందు నా పేరు రాసుకోండి," అంది.

ఆయన తల వంచి రాసుకున్నాడు. అది బడిని నిలబెట్టడానికో, తన మీద కేసు పెట్టడానికో అడిగే ధైర్యం ఆమెకు ఇక మిగల్లేదు.